ముందు ఇంటి పని రాసుకొని ఆ తర్వాతే ఆఫీసు పని... నిజంగా ఎవరన్నా చేస్తుండారా?

పెన్నగట్టు
ఆదివారం రాత్రి 10:47

చాన్నాళ్ళ నుంచి ఈడ చదవడమే గానీ రాసింది లేదు, పొడుగైతే తిట్టుకోబాకండి.

నాది నెల్లూరే. కంపెనీ బెంగళూరు, పని ఇంటి నుంచే, క్లయింటు అమెరికాలో తూర్పు దిక్కున. మార్చి నెలాఖర్లో నాయనకి కుడి మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. డిశ్చార్జి రోజు ఫిజియో ఆయన నన్ను పక్కకి పిలిచి, ఆపరేషన్ డాక్టరు పని, కాలు వంచడం మీ పని, మొదటి ఆరు వారాలు రోజూ దగ్గరుండి చేయించండి, లేదంటే గట్టిపడిపోద్ది అన్నాడు. నేను కూడా గొప్పగా, ఇంట్లోనే ఉంటా గదా సార్, నేను చూసుకుంటా అన్నా.

క్లయింటోళ్ళకి పొద్దున తొమ్మిదంటే మనకి సాయంత్రం ఆరున్నర. సరిగ్గా ఆ టైముకే నాయన తువ్వాలు భుజానేసుకొని వరండాలో కూర్చునేవాడు. నేను లోపల్నుంచి "కాల్ అవగానే వస్తా నాయనా" అనేవాణ్ణి. అయ్యేసరికి ఎనిమిదిన్నర, ఒక్కోసారి తొమ్మిది, అప్పటికి ఆయన అన్నం తిని పడుకొనుండేవాడు. ఆరు వారాల్లో నేను చేయించింది ఎన్ని రోజులా అని లెక్కేస్తే పదకొండు. రివ్యూకి పోతే కాలు 70 డిగ్రీలే వంగింది, కుర్చీలో సరిగ్గా కూర్చోవాలంటేనే 90 కావాలంట. డాక్టరు నా దిక్కు చూస్తే నాయనే ముందు అందుకొని "మావాడికి పని ఎక్కువ సార్" అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

ఇంకోటి చెప్పాలి. మూడేళ్ళ నాడు ఉద్యోగం లేనప్పుడు అమ్మ నన్ను రొట్టెల పండక్కి బలవంతాన తీసకపోయి దర్గా పక్కన స్వర్ణాల చెరువులో ఉద్యోగ రొట్టె, అంటే ఉద్యోగం రావాలని కోరుకొని తీసుకునే రొట్టె, పట్టించింది. ఉద్యోగం వచ్చింది. కోరిక తీరితే మళ్ళీ వచ్చి రొట్టె ఇవ్వాల గదా, రెండేళ్ళ నుంచి పోలేకపోయా, ఒకసారి రిలీజు, ఇంకోసారి ఆడిటు. ఆ రొట్టె ఇచ్చిన ఉద్యోగమే నన్ను రొట్టె తిరిగియ్యడానికి పోనీలా. దర్గా మా ఇంటికి బండి మీద పది నిమిషాలు.

అందుకని ఈ వారం నుంచి ఇట్టా అనుకుంటుండా. ఆదివారం కూర్చొని క్యాలెండర్లో ముందు నాయన ఎక్సర్‌సైజులు, నా నడక, పండగ, ఇవి రాసేసి, మిగిలిన ఖాళీలో ఆఫీసోళ్ళని పెట్టుకోమనడం. చెప్పుకోడానికి బాగుండాది. నిజంగా చేసినోళ్ళు ఉంటే ఎట్టా చేశారో, ఎన్నాళ్ళు నిలబడిందో చెప్పండి.

---

ఓఎంఆర్ కావలోడు
ఆదివారం రాత్రి 11:20

తమ్ముడూ నాది కావలి, చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ఒక కంపెనీలో టీం లీడ్‌ని. నేను నాలుగేళ్ళుగా చేస్తుండా, ఆడా ఈడా తప్పుతా గానీ చేస్తుండా. నా అనుభవం చెప్తా, వరసగా లేకపోతే ఏమనుకోబాక.

పర్సనల్ అని రాయబాక. ఒట్టి బిజీ అని పెట్టి ప్రైవేట్ చేసెయ్. "డాడ్ ఫిజియో" అని రాశావనుకో, చూసిన ప్రతివాడూ అది జరపడానికి వీలైన పని అనుకుంటాడు, "బ్రో 15 మినిట్సే" అని మెసేజ్ పెడతాడు. గూగుల్ క్యాలెండర్లో ఔటాఫ్ ఆఫీస్ పెడితే ఆ టైములో వచ్చే మీటింగులు దానంతటదే డిక్లైన్ చేస్తది, నువ్వు మొహమాటపడే పనే లేదు.

రెండోది, క్యాలెండర్లో ఒకేసారి పద్నాలుగు బ్లాకులు పెట్టబాక. మొదటి నెల నేను జిమ్, పుస్తకాలు, తమిళం నేర్చుకోడం, అమ్మకి ఫోన్, అన్నీ రంగులేసి పెట్టా, చూడ్డానికి సంక్రాంతి ముగ్గులాగుండేది, రెండో వారానికే చెదిరిపోయింది. ఇప్పుడు రెండే. రోజూ పొద్దున గంట నడక, శుక్రవారం ఊరికి పినాకిని రైలు. మధ్యాహ్నం చెన్నైలో ఎక్కాల కాబట్టి ఆ రోజు నాకు సగం రోజే. 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరవగానే టికెట్లు చేసేసి, అప్పుడు క్యాలెండర్లో పెడతా. డబ్బులు కట్టేసిన టికెట్ చూపిస్తే మేనేజర్లు నోరెత్తరు, అది మటుకు గ్యారంటీ.

మూడోది ముఖ్యం. నీ 6:30 క్లయింటు టైమే గదా, దాన్ని ఊరికే మూసేస్తే గొడవ. ఇంకో టైము నువ్వే చూపించు. 7:45 నుంచి తొమ్మిదిన్నర దాకా ఉంటానని ముందే చెప్పు. ఇంకోటి, నవంబర్లో వాళ్ళు గడియారం మారుస్తారు, వాళ్ళ తొమ్మిది మనకి ఏడున్నర అవద్ది, మార్చిలో మళ్ళీ ఆరున్నర. అప్పుడు నీ బ్లాకు ఆటోమేటిక్‌గా ఖాళీ టైములో పడద్ది, మార్చికల్లా నువ్వు దాన్ని మర్చిపోయుంటావు. నేను మర్చిపోయా.

---

నిప్పులాంటి నిజం
సోమవారం పొద్దున 7:05

ఇవన్నీ కడుపు నిండిన కబుర్లు. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు 2023లో వారానికి 70 గంటలు పని చెయ్యాల అంటే అందరూ ఎక్కి తొక్కారు, ఎల్ అండ్ టీ ఆయన 90 అన్నాడు, ఆయన్నీ తొక్కారు. మా నాయన చీమకుర్తి క్వారీలో చేశాడు, ఏ రోజు ఏ క్యాలెండర్ చూశాడు? ముందు పని, తర్వాతే ఏదన్నా. అందుకే మేం చదువుకున్నాం.

> ఓఎంఆర్ కావలోడు: మీ నాయనగారికి సైరన్ ఉండేదన్నా. అది మోగినాక ఆయన్ని ఎవరూ పిలవలేదు. మనకి సైరన్ లేదు, జేబులో ఫోనుంది, తేడా అదే.

> నిప్పులాంటి నిజం: సైరన్ మోగినాక ఇంటికొచ్చి పడిపోయేవాడు, నాతో మాట్లాడింది లేదు.

> ఓఎంఆర్ కావలోడు: మరి ఇప్పటిదాకా ఏం చెప్తుండారు మీరు?

---

గుంట కాపలా
సోమవారం పొద్దున 9:31

విడవలూరు దగ్గర మాకు ఆరెకరాల రొయ్యల గుంట్లు ఉండాయి. చదివా. బాగుంది. కానీ రొయ్యకి క్యాలెండర్ తెలీదు సామీ.

రాత్రి పూట నీళ్ళలో నాచు ఆక్సిజన్ వదలదు సరిగదా అదే పీల్చుకుంటది, రొయ్యా పీల్చుకుంటది, అడుగున బురదా పీల్చుకుంటది, తెల్లారుజామున మూడూ అయిదు మధ్య డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పాతాళానికి పోద్ది. ఆ టైములో కరెంటు పోయి జనరేటర్ అందుకోలేదనుకో, అరగంట చాలు, రొయ్య పైకి తేలద్ది, తొంభై రోజుల పెట్టుబడి గట్టుమీద పోసుకోవాల్సిందే. పోయినేడు మా బామ్మర్ది నిశ్చితార్థంలో భోజనాల పంక్తిలో కూర్చోనుండా, కాపలా పిల్లోడు ఫోన్ చేసి నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయినాయి అన్నాడు. ఆకులో చేపల పులుసు అట్టనే వదిలేసి వచ్చేశా. మా ఆడోళ్ళు ఇంకా ఎత్తిపొడుస్తానే ఉండారు. ఆ పులుసు కూడా మామిడికాయేసి మట్టి దాకలో ముందురోజే వండిన పులుసు, అది వేరే బాధ.

నేను దీన్ని ఏ ఖాళీలో పెట్టాల? కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళకి తప్ప ఇది కుదరదు అని నా అభిప్రాయం.

---

రిటైర్డ్ లస్కరు
సోమవారం మధ్యాహ్నం 1:15

మనవడు టైపు చేస్తుండాడు, నేను చెప్తుండా. పెన్నా డెల్టా కాలవల మీద ముప్పై ఏళ్ళు లస్కరుగా, అంటే నీళ్ళ కాపలాదారుగా, చేసినోణ్ణి. మీ క్యాలెండర్ సంగతి నాకు తెలీదు, నీళ్ళ సంగతి తెలుసు.

ఆనకట్ట కాడ నీళ్ళు వదిలితే పై తూములోళ్ళు ముందు పట్టుకుంటారు. వాళ్ళకి కావాల్సింది పట్టుకొని తూము మూస్తే అందరికీ వస్తాయి. ముయ్యరు. కయ్య, అంటే వరి మడి, నిండినా ముయ్యరు, ఇంకో రెండంగుళాలు నిలబడితే మనకేం నష్టం అంటారు. సముద్రం దిక్కు తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట కింది ఊళ్ళకి పోయేసరికి కాలవలో తడుంటది, నీళ్ళుండవు. వాళ్ళు వచ్చి అడిగితే పైనోళ్ళు ఏమంటారంటే, మేం వద్దన్నామా, మిగిల్తే వస్తాయి గదా అంటారు. మిగలవు. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా మిగిలింది నేను చూళ్ళా.

ఎడగారుకి, అంటే రెండో పంటకి, నీళ్ళు తక్కువున్న ఏడు మేం వంతు కట్టేవాళ్ళం. కింది ఊళ్ళకి ముందు. పైన తూములన్నీ దించి తాళాలేసి, రాత్రిళ్ళు టార్చిలైటు పట్టుకొని గట్టెంబడి తిరిగేవాళ్ళం. నన్ను తిట్టని తిట్టు లేదు. ఆ అబ్బాయి నాయన మోకాలు చివరి కయ్య. అంతే.

ఒకటి మటుకు చెప్తా బాబూ. వంతు కాగితం మీద రాసి పంచాయతీ ఆఫీసు గోడకి అంటించినంత మాత్రాన నీళ్ళు పోవు. తాళం ఉండాల. రాత్రి ఎవడో ఒకడు వచ్చి తూము ఎత్తుతాడు, చానాసార్లు ఆ ఎత్తేవాడు మన చుట్టమే అయ్యుంటాడు.

> పెన్నగట్టు: పెద్దాయనా, నా విషయంలో ఆ తూము ఎత్తేది నేనే. ఎవరూ అడక్కుండానే "నో ప్రాబ్లెం ఐ కెన్ జాయిన్" అని పెట్టేది నేనే.

> గుంట కాపలా: లస్కరు తాతా మీ కాలవ నీళ్ళు మాకు చాన్నాళ్ళు రాలేదు, అందుకే నేను వరి మానేసి గుంట తవ్వుకుంది 😄

---

ఆరో పీరియడ్
సోమవారం సాయంత్రం 4:50

బడులు జూన్ 12 దాకా తెరవరు కాబట్టి రాయడానికి టైం దొరికింది, లేకపోతే ఇది కూడా చదివి వదిలేసేదాన్ని. పొదిలి వైపు హైస్కూల్లో టీచర్ని.

పైన రాసిన వాళ్ళందరూ మగవాళ్ళే అనుకుంటున్నాను, తప్పయితే క్షమించండి. ఓఎంఆర్ గారూ, మీ పొద్దుటి గంట నడక చాలా మంచిది. ఆ గంటలో మీ ఇంట్లో పాలు ఎవరు కాస్తున్నారు, బాక్సులు ఎవరు కడుతున్నారు? మా ఆయనకి కూడా పొద్దున నడక ఉంది, పదేళ్ళుగా తప్పలేదు, అందరూ ఆయన క్రమశిక్షణ మెచ్చుకుంటారు. ఆ క్రమశిక్షణకి పునాది నా 4:45 అలారం.

మీరు పర్సనల్, ఆఫీసు అని రెండు పెట్టెలు చెప్తున్నారు. నాకు ఇంటిపని పర్సనల్ కాదండీ, అది రెండో డ్యూటీ, జీతం లేదు, రిలీవింగ్ ఆర్డర్ లేదు. కాబట్టి "ఇంటికి ముందు టైం పెట్టుకోండి" అని నాకు చెప్తే, ఒక డ్యూటీ కంటే ముందు ఇంకో డ్యూటీ పెట్టుకో అన్నట్టే. ఏడాదికి 15 సీఎల్‌లు, ఆడవాళ్ళకి ఇంకో 5 స్పెషల్. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో అందులో ఒక్కటి నా కోసం వాడినట్టు గుర్తు లేదు. పిల్లల జ్వరాలు, ఆడపడుచు కాన్పు, పెళ్ళిళ్ళు, కర్మలు, వీటికే సరి.

మరి నేను ఏం చేశానో చెప్తాను, నవ్వకండి. నాకు కావాల్సింది వారానికి ఒక గంట, ఏ పనీ లేకుండా. అది ఇంట్లో చెప్తే ఎవరికీ అర్థం కాలేదు, "ఏం పని?" అంటారు, ఏ పనీ లేదు అంటే "మరి ఇంట్లోనే ఉండొచ్చు గదా" అంటారు. అందుకని పదహారు శనివారాల వ్రతం అని చెప్పాను. శనివారం సాయంత్రం ఆంజనేయస్వామి గుడి అరుగు మీద నా స్నేహితురాలితో కూర్చుంటాను, దణ్ణం పెట్టుకుంటాం, తర్వాత కబుర్లు, ఒక్కోసారి మిర్చి బజ్జీలు. ఆ గంట జోలికి ఇంట్లో ఎవరూ రారు. ఇప్పటికి నలభై శనివారాలు దాటాయి.

> ఓఎంఆర్ కావలోడు: మేడం తగిలింది. పాలు నా భార్యే కాస్తుంది. ఇంకేం రాయను.

> నైట్ డ్యూటీ: అక్కా 😂😂 ఇంట్లో తెలిస్తే?

> ఆరో పీరియడ్: మా అత్తమ్మకి తెలుసు. అసలు ఐడియా ఆమెదే. ఆమె కూడా అప్పట్లో కార్తీక సోమవారాలు అలాగే చేసేవారట.

---

ప్రొబేషన్ 4 నెలలు
సోమవారం రాత్రి 8:12

అన్నా నాది ఒంగోలు, హైదరాబాద్‌లో జాయిన్ అయి నాలుగు నెలలు, ఇంకా రెండు నెలలు ప్రొబేషన్. నిన్న రాత్రి ఇది చదివి గూగుల్ క్యాలెండర్లో సాయంత్రం 7 నుంచి 8 బ్లాక్ చేశా, షటిల్ ఆడదామని. ఈరోజు మా లీడ్ అందరి ముందు "ఓ, సర్‌కి అప్పుడే వర్క్ లైఫ్ బ్యాలెన్స్ కావాలంట" అన్నాడు, అందరూ నవ్వారు. తీసేశా. మీరు చెప్పేది సీనియర్లకే కుదురుద్ది, మాలాంటోళ్ళకి కాదు.

> చట్టం చదివినోడు: 1948 ఫ్యాక్టరీల చట్టంలో కార్మికుడికి వారానికి 48 గంటలే అని ఉండేది. మన ఆంధ్రాలో 2025లో రోజు పరిమితి 9 నుంచి 10కి పెంచారు గానీ వారం మొత్తం 48 అట్టనే ఉంచారు. కానీ అది ఫ్యాక్టరీకి తమ్ముడూ, నీ లీడ్ వెటకారానికి సెక్షన్ లేదు.

> ఓఎంఆర్ కావలోడు: ఆ లీడ్ చేసింది తప్పే. కానీ ప్రొబేషన్లో నువ్వు సాయంత్రం జోలికి పోబాక, పొద్దున తీసుకో. పొద్దున 6 నుంచి 7 ఎవడూ మీటింగ్ పెట్టడు, దానికి బ్లాకు కూడా అక్కర్లేదు. రాత్రి తొందరగా పడుకోడమే కష్టం.

> ప్రొబేషన్ 4 నెలలు: పొద్దున షటిల్ కోర్టు పెద్దోళ్ళు వదలరన్నా, రిటైర్ అయిన అంకుల్స్ అంతా అప్పుడే 🥲

---

నైట్ డ్యూటీ
మంగళవారం పొద్దున 8:40

ఇప్పుడే డ్యూటీ దిగి వచ్చా, కళ్ళు మూతలు పడుతుండాయి, తప్పులుంటే చదూకోండి. నెల్లూర్లో ఐసీయూ నర్సుని, ఆస్పత్రి పేరు వద్దులెండి.

గుంట కాపలా అన్న చెప్పినట్టే మా పేషెంటుకి కూడా క్యాలెండర్ తెలీదు. కానీ అన్నా, పేషెంటుకి తెలీకపోయినా రోస్టరుకి తెలుసు. మాకు ప్రతి నెలా 25కి వచ్చే నెల రోస్టర్ గోడకి అంటిస్తారు. అంటించినాక పోయి "సిస్టర్ 14న మా పాప పుట్టినరోజు" అని ఏడిస్తే ఎవరూ వినరు, ఇంకొకర్ని బతిమాలి మార్చుకోవాల, వాళ్ళు మన మీద ఒక నైట్ బాకీ పెట్టుకుంటారు, ఆ బాకీలు తీర్చలేక నేను ఒకసారి వరసగా తొమ్మిది నైట్లు చేశా. ఇప్పుడు 20 లోపే రెండంటే రెండు తేదీలు రాసిచ్చేస్తా. ఏ కారణం రాయను. మిగతా 28 రోజులు ఎట్టా వేసినా ఒక్క మాట అనను. మా ఇన్‌చార్జి గారికి కూడా ఇదే నచ్చింది, ఎందుకంటే మిగతా వాళ్ళు నెల పొడుగునా ఏదో ఒకటి అడుగుతానే ఉంటారు.

70 గంటల ఆయనకి ఒకటి చెప్పాలి. 2021లో డబ్ల్యూహెచ్‌ఓ, ఐఎల్‌ఓ కలిసి లెక్కలు తీశారు. వారానికి 55 గంటలు, అంతకు మించి పని చేసేవాళ్ళకి, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే పక్షవాతం వచ్చే రిస్కు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో పోయే రిస్కు 17 శాతం ఎక్కువ అని. ఈ శాతాలు మీకు పేపర్లో అంకెలు. నాకు బెడ్ నంబర్లు. స్ట్రోక్ వచ్చినాయన చేతిలోంచి ఫోన్ తీసి నేనే వాళ్ళావిడకి ఇచ్చా, అది ఇంకా మోగతానే ఉంది, ఆఫీసు గ్రూపులో నుంచి.

> నిప్పులాంటి నిజం: అమ్మా నేను 70 సపోర్టు చెయ్యలేదు, పని లేకపోతే ఏదీ లేదు అన్నా అంతే.

> గట్టుమీద పెద్దమనిషి (మోడరేటర్): కింద ఇద్దరు మీ కంపెనీ గొప్పా మా కంపెనీ గొప్పా అని మొదలుపెట్టిన 6 కామెంట్లు తీసేశా. టాపిక్ మీద రాయండి. నాకూ ఇంట్లో పనుంది.

---

బ్యారన్ పొగ
మంగళవారం మధ్యాహ్నం 2:30

టంగుటూరు కాడ వర్జీనియా పొగాకు వేస్తాం. ఇప్పుడు వేలం కేంద్రంలో కూర్చోని మా బేళ్ళ వంతు వచ్చేదాకా ఇది చదువుతున్నా.

మాకు రోజుల లెక్క కాదయ్యా, బ్యారన్‌కి, అంటే ఆకు కాల్చే గదికి, ఎన్నిసార్లు ఆకు ఎక్కించాం అనే లెక్క. ఆకు రెలిచి కర్రలకి కట్టి బ్యారన్‌కి ఎక్కించి నిప్పు పెట్టామంటే అయిదారు రోజులు రాత్రీ పగలూ మనిషి ఉండాల్సిందే. ముందు సన్న సెగ మీద ఆకు పసుపు తిరగాల, తర్వాత మెల్లిగా వేడి పెంచి ఆకు ఆరాల, చివర్లో బాగా పెంచితేనే ఈనె ఆరుద్ది. నిద్రపట్టి తొందరగా వేడి ఎక్కించామా, రంగు చెడి గ్రేడు పడిపోద్ది, వేలంలో కొనేవాడు బేలు వంక చూడడు. జనవరి నుంచి మార్చి దాకా నన్ను పెళ్ళికి పిలవొద్దని చుట్టాలకి ముందే చెప్పేస్తా, పిలిచినా అలగొద్దని.

కానీ దానికి తగ్గట్టే ఇంకోటి పెట్టుకున్నా. నాటు అయ్యేదాకా ఆగస్టు, సెప్టెంబరు మాకు తీరిక. పోయిన మూడేళ్ళుగా సెప్టెంబర్లో పది రోజులు మా ఆవిడా నేనూ ఎక్కడికో ఒకచోటికి పోతాం, టికెట్లు వేలం డబ్బులు మొదటి విడత పడిన రోజే తీస్తాం. మొదటి విడతే. ఎందుకంటే చివరి విడత దాకా ఆగితే ఎరువుల కొట్టు, కౌలు, కూలీ, అందరూ వచ్చి నిలబడతారు. మొదటేడు కాశీ, రెండో ఏడు రామేశ్వరం. మా ఊళ్ళో నన్ను "టూరిస్టు రైతు" అంటున్నారు, అనుకోనీ.

> గుంట కాపలా: బ్యారన్ అన్నా ఇది నాకు పడింది. మాకూ పట్టుబడి, అంటే రొయ్య పట్టడం, అయినాక గుంట ఎండబెట్టి దున్ని సున్నం చల్లే ఇరవై ముప్పై రోజులు ఉంటాయి. నేను ఆ రోజుల్లో కూడా పక్కోళ్ళ గుంట కాడికి పోయి కూర్చుంటా. అలవాటు.

> బ్యారన్ పొగ: పట్టుబడి తేదీ నీకు ముందే తెలుసు గదా, సీడు, అదే రొయ్య పిల్లలు, వదిలిన రోజే రాసుకో.

---

కందుకూరు బట్టల కొట్టు
మంగళవారం రాత్రి 9:55

మాకు వారానికి ఒకరోజు కొట్టు మూత, ఆ రోజు తెల్లారగానే "షట్టరు సగం ఎత్తి ఒక్క జాకెట్టు ముక్క ఇవ్వన్నా" అని ఇంటికే వస్తారు. ఇచ్చినన్నాళ్ళూ వచ్చారు. ఒకరోజు తాళాలు మా బామ్మర్ది ఇంట్లో పెట్టి నిజంగానే లేవని చెప్పా. రెండు నెలలకి రావడం మానేశారు. యాపారం ఏం తగ్గలా. లస్కరు తాత తాళం అంటే ఇది గుర్తొచ్చి రాశా.

---

పెన్నగట్టు
ఆదివారం రాత్రి 9:10 (అయిదు వారాల తర్వాత)

అప్‌డేట్ ఇస్తానని ఎవరికీ చెప్పలా గానీ ఇద్దరు ముగ్గురు మెసేజ్ పెట్టారు, అందుకని.

మొదటి వారం ఘోరం. ఆరున్నర నుంచి ఏడుంబావు బ్లాక్ పెట్టి, ఓఎంఆర్ అన్న చెప్పినట్టు 7:45 నుంచి ఉంటానని మేనేజర్‌కి మెయిల్ పెట్టా. ఆయన సరే అన్నాడు, అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని తెలిస్తే మార్చిలోనే అడిగేవాణ్ణి, అది తల్చుకుంటే ఒళ్ళు మండుతుండాది. కానీ సోమవారం, బుధవారం నేనే ల్యాప్‌టాప్ వరండాలోకి తీసకపోయి ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకొని నాయన కాలు వంచా. నాయన నొప్పికి "అబ్బా" అంటే క్లయింటు "ఈజ్ ఎవ్రీథింగ్ ఓకే" అన్నాడు. మ్యూట్ చెయ్యలా.

తర్వాత తాళం సంగతి ఆలోచించా. నా ల్యాప్‌టాప్ పాతది, ఛార్జర్ లేకుండా ఇరవై నిమిషాలు కూడా రాదు. ఆరుంబావుకి ఛార్జర్ అమ్మకి ఇచ్చేస్తుండా. ఆమె దాన్ని బియ్యం డబ్బాలో పెడతాది. ఏడున్నరకి ముందు అడిగితే ఇవ్వదు, రెండుసార్లు నిజంగానే అడిగా, నిజంగానే ఇవ్వలా. ఫోన్ కూడా ఇమ్మంటుండాది, ఇంకా అంత ధైర్యం లేదు.

ఆరో పీరియడ్ మేడం రాసింది చదివినాక ఇంకోటి కనపడింది. నేను చేయించని ఆ ముప్పై రోజులూ అమ్మ ఒక్కతే చేయించాలని చూసిందంట, ఆమెకి నడుం నొప్పి, ఆ కాలు ఎత్తలేక ఆపేసింది. నాకు ఎవరూ చెప్పలా. చెప్పినా కాల్‌లో ఉండుంటా.

రొట్టె విషయం. ముందే సెలవు పెడదామంటే నెలవంక కనపడ్డాన్ని బట్టి పండగ తేదీ మారద్ది, హెచ్‌ఆర్ పోర్టల్లో దానికి ఆప్షన్ లేదు. రెండు రోజులు కలిపి పెట్టేశా, ఒకటి ఊరికే పోయినా పోనీ అని. పోయా. మోకాల్లోతు నీళ్ళలో నిలబడి, ఉద్యోగ రొట్టె కావాలా అని అరిస్తే ఒక అబ్బాయి ఉరికొచ్చాడు, బీటెక్ అయి రెండేళ్ళయిందంట. ఇచ్చేశా. అమ్మ ఆరోగ్య రొట్టె పట్టుకుంది, నాయన కోసం. ఇప్పుడు మళ్ళీ వచ్చే ఏడు పోవాల.

ఒక నష్టం కూడా రాయాల. కొత్త ప్రాజెక్టు ఒకటి వచ్చింది, దానికి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది కచ్చితంగా ఉండాలన్నారు, నన్ను అడిగారు, కాదన్నా. వేరేవాళ్ళకి ఇచ్చారు. అప్రైజల్లో అది తగులుద్దో లేదో మార్చిలో తెలుస్తుంది. రాత్రిళ్ళు దాని గురించి ఆలోచన రాకుండా లేదు, ఈడ అబద్ధం ఎందుకు.

---

గుంట కాపలా
ఆదివారం రాత్రి 9:38

కాలు ఎంత వంగింది అది చెప్పలేదే?

> పెన్నగట్టు: నిన్న రివ్యూలో 88. లేటుగా మొదలుపెట్టాం కాబట్టి మెల్లిగా వస్తుందన్నాడు.

> గుంట కాపలా: మాది 22న పట్టుబడి. 23 నుంచి పన్నెండు రోజులు మా ఆవిడకి రాసిచ్చా, యాడికి పోవాలో ఆమే చూసుకుంటుండాది. అరకు అంటుండాది. జనరేటర్ లేని చోటు అయితే చాలన్నా.

> ఆరో పీరియడ్: పెన్నగట్టు గారూ, మీ అమ్మగారి నడుం కూడా ఒకసారి చూపించండి.

> పెన్నగట్టు: బుధవారం పొద్దున పెట్టా మేడం. బ్లాక్ చేశా.

> నైట్ డ్యూటీ: తువ్వాలు మడత చుట్టి మడమ కింద పెట్టి మోకాలు కిందికి నొక్కించేది కూడా చేయించండి, వంచడం ఒకటే కాదు, చాపడం కూడా రావాల. ఎన్నిసార్లు చేయిస్తుండారు?

> పెన్నగట్టు: పది చెప్పారు సిస్టర్. నాయన ఎనిమిదికి ఆపేసి, తొమ్మిదీ పదీ రేపిస్తాలేరా అంటుండాడు. ఇప్పటికి యాభై దాకా బాకీ ఉండాడు.